పరశురాములు కాలి నొప్పి కొల్లాపూర్ దాక పోయిన ముచ్చట

హాలియాల బీరన్న చాయ హోటల్ ముంగట బల్ల మీద పరశురాములు కాళ్లు చాపుకోని కూసున్నడు. మొన్న మొన్ననే రిటైరైన ఆర్టీసీ డ్రైవర్. "కాలు నొస్తాందంటగదనే, నాలుగు దినాలన్న నడువకపోతివి" అని పక్కపొంటి వెంకటయ్య నవ్విండో లేదో, పరశురాములు చాయ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టిండు.

"ఎవడన్నడ్రా నడువలేదని? వాని మూతి వలుగ! నొస్తే నొచ్చింది, నొప్పి ఎవనికి రాదు? గా నొప్పిని నేనేం జేసిన్నో ఇను ముందు. షుగరున్నది, పొద్దుగాల నడువమన్నడు డాక్టరు. గిదే షుగరుకు మా అన్న కాలు తీసేసిండ్రు. గా దినం దవాఖాన మెట్ల మీద కూసోనే ఒట్టు వెట్టుకున్న, నా కాలు మాత్రం ఎవనికియ్య అని. గసొంటోన్ని పట్టుకోని మెల్లగ నడువంటరా? మెల్లగనా? నేనా? ముప్పయ్యేండ్లు బస్సు ఉరికిచ్చినోన్ని!

"తెల్లారంగనే సాగర్ కాలువ కట్ట ఎక్కిన. పాత చెప్పులే. ఉరికినట్టు నడిచిన. మర్నాటికి మోకాలి కింద, ముందటి బొక్క పొడువునా మంట లేసింది. అడుగేస్తే సూదులు గుచ్చినట్టు. నాకు కోపమొచ్చింది. 'ఏందే, ఇన్నేండ్లు తిని కూసున్నవ్, ఇయ్యాల నన్ను మోసుడు బరువైందా?' అని నా కాలునే తిట్టిన. గా తిట్లకు కట్ట కింద మేసే బర్లు తలుగులు తెంపుకోని ఉరికినయ్."

"తిట్లకేనా?" అన్నడు బీరన్న పాలు కలుపుకుంట.

"మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జర చల్లవడుతదని కాలువల కాలు వెట్టిన. నీళ్లు బుస్సుమని పొంగినయ్. చేపలు ఉడికి తేలినయ్. ఊరోళ్లంత గంపలు తెచ్చి ఏరుకపోయిండ్రు. ఒక్కడన్న నాకో ముక్క ఇచ్చిండా? ఇయ్యలే! దాంతోని ఇంకింత మండింది. లేసిన, నడిచిన."

"సాగర్ డ్యామ్ దాకనా?" అన్నడు వెంకటయ్య.

"డ్యామా! డ్యామ్ ఎప్పుడు దాటిన్నో నాకే తెల్వదు. కృష్ణ ఒడ్డు వట్టుకోని కొల్లాపూర్ పోయిన. ఆడ పుట్టిలోళ్లు ఎదురొచ్చి అవుతలికి దాటిస్తమన్నరు. నాకెందుకురా పుట్టి అని నదిని ఒక్క అంగల దాటిన. నా మడిమె తాకి అవుతలి గట్టు పగిలింది. ఆడికెల్లి మళ్లి మేళ్లచెరువు దిక్కు పోతే, నా అడుగులకు సున్నపురాయి పిండి పిండై లేస్తాంది. సిమెంటు కంపెనోళ్లు మిషన్లు బంద్ వెట్టి, 'అన్నా, జర గీ గుట్ట మీద గూడ నడువే' అని కాళ్లు మొక్కిండ్రు. నొస్తున్న కాళ్లను ఎవడన్న మొక్కుతడారా? బుద్ధుండాలె! గట్లొక్క అరుపు అరిచిన. గా అరుపుకు నొప్పి బొక్కలకెల్లి దుంకి గుట్టల్లకు పారిపోయింది. బీరన్న పాలు పొంగకముందే హాలియాల ఉన్న!"

"అయిందా బావా?" అన్న మాట ఎనుకనుంచి ఇనవడ్డది. పరశురాములు బామ్మర్ది ఎల్లస్వామి, రోడ్డు పక్కకు ఆటో ఆపి ఎప్పటి సంది నిలవడ్డడో. మొఖం గంటువెట్టుకోని ఉన్నడు.

"నువ్వు పోయింది కాలువ తూము దాక. ఆడ కూలవడి నాకు ఫోన్ జేసినవ్. నేనే ఆటోల ఏసుకోని దవాఖానకు తీస్కపోయిన. బొక్క ఇరగలే, అలవాటు లేక ఒక్కసారే ఉరికినందుకు నొస్తాంది, తగ్గెదాక ఆగుండ్రి, మంచి బూట్లు తొడుక్కోని కొంచెం కొంచెం పెంచుకుండ్రి అన్నడు డాక్టరు. ఆగినవా? తెల్లారే మల్ల ఉరికినవ్. ఇప్పుడు కాలు కింద వెట్టరాక, నడువ పోతున్న అని మా అక్కకు చెప్పి వచ్చి ఈడ కూసుంటున్నవ్. మీ అన్న కాలు పోయినట్టు నీది పోతదేమోనని ఆమెకు అన్నం సయిస్తలేదు. నువ్వీడ నదులు దాటుతున్నవా?"

పరశురాములు మొఖం ఎర్రగైంది. "కూలవడ్డనా? నేనా? జర కూసున్న, గంతే!"

"ఏడ్చినవ్ గూడ."

"ఏడ్వలే! కట్ట మీద దుమ్ము లేసి కండ్లల్ల వడ్డది!"

"గా పొద్దు ఒక్కతీరుగ వాన గొట్టింది గదనే బావా. దుమ్మేడిది?"

ఎవరు నవ్వలే. పరశురాములు రెండు చేతులు బల్లకు ఆనిచ్చి లేవబోయిండు, పండ్లు కొరికి మల్ల కూలవడ్డడు.

"ఏం జూస్తున్నవ్ రా?" అని బామ్మర్ది మీదికి కయ్యిమన్నడు. "ఆటో గిటు తిప్పు."