మెట్లు తాగిన సూదిమందు

తిరుపతిలో ఒక మిద్దె ఇల్లు, ఉదయం ఎనిమిదిన్నర. యాభై ఎనిమిదేళ్ళ ముకుందం అద్దం ముందు నిలబడి నామం పెట్టుకుంటున్నాడు. వెనక కుర్చీలో ఆయన బావ రామానుజ; డెబ్భై దాటినవాడు, సత్యవేడు పక్క పల్లెలో అర్చకుడు. వంటింట్లో పద్మాక్షి. ముకుందానికి భార్య, రామానుజకు చెల్లెలు.

"ఇంగోతూరి ఎత్తప్పా ముకుందం, ఆ కనుబొమ్మలు. సరిగ్గా సూడలేదు."

"ఎన్నిసార్లు ఎత్తేది బావా? ఇప్పటికి ఆరుసార్లయింది."

"ఎత్తు... ఇంగా... ఆ. సాలు. నుదుటి మీది మూడు ముడత గీతలూ భద్రంగా ఉండాయి. పైనోడు, నడిమోడు, కిందోడు. ఆ డాక్టరమ్మ మందు పోసిందా, ఎరువు పోసిందా?"

"నవ్వొద్దు. నామం చీలిందా లేదా, అది చెప్పు."

"చీలింది."

"ఎన్ని చోట్ల?"

"మూడు గీతలుంటే ఎన్ని తావుల చీలతాది? నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

"తిరుమణి సుద్దలో నీళ్ళు ఎక్కువైనట్టుండాయి. తుడిచి మళ్ళా పెడతా. పద్మా, తడిగుడ్డ ఇట్లా అందియ్."

"ఇది నాలుగో గుడ్డండీ. తుడిచి తుడిచి నుదురు టమోటా మాదిరి అయింది. గీతలు ఇంకా బాగా కనపడతాండాయి."

"నువ్వు కూడా మొదలుపెట్టినావా పద్మా?"

"ఉన్నమాట చెప్తే మొదలుపెట్టినట్టా?"

"పదకొండుకి భక్తి ఛానల్‌లో శ్లోకాలు చదివేదానికి కెమెరా ముందర కూర్చోవాల నేను. ఇది రెండోసారి. మూడోసారి పిలవరు. కొంచెమన్నా ధైర్యం చెప్పే మనిషి లేడు ఈ ఇంట్లో."

"ధైర్యం ఏంటికప్పా? మొదటితూరి ఆ కెమెరాయన ఏమన్నాడు, అది సరిగ్గా చెప్పు. నాకు మరుపు."

"నీకు మరుపా? పది రోజులుగా రోజుకి నాలుగుసార్లు నాతో చెప్పించుకుంటాండావు."

"చెప్పు, చెప్పు. వింటే కడుపు నిండతాది."

"గొంతు గంటలాగుంది స్వామీ, కానీ మీరు శ్లోకం ఎత్తుకున్నప్పుడల్లా కనుబొమ్మలు పైకి పోతాండాయి, నామం అడ్డంగా చీలుతాంది, అది సరిచేసుకుని రాండి అన్నాడు."

"దానికి నువ్వు నామం సరిచేసుకోకుండా నుదురు సరిచేసుకునేదానికి పోయినావు."

"నామం ఎట్ల మారుస్తాను బావా, తాతలనాటి నామం. నుదురైతే నా సొంతం."

"బాగా చెప్పినావు. ముడతలు పోయే సూదంట, బొటాక్స్ అని పేరు, నోరు తిరగదు గాని, ఎన్ని పోట్లు పొడిచినారు?"

"పదకొండు."

"పదకొండు పోట్లు. ఆవుకైనా ఒకటే పొడుస్తారు. ఆవంటే గుర్తొచ్చింది. పలమనేరు సంతలో ఏం జరిగిందో తెలుసునా నీకు?"

"ఇప్పుడొద్దు బావా."

"ఒక రైతు తన ముసలావుకి ఇదే సూది ఏయించినాడు. ముఖం నున్నగా, ఇంగా ఈనని పెయ్య మాదిరి తయారైంది. సంతకి తోలుకొచ్చినాడు. కొనేటోడు ముఖం సూసి మురిసిపోయినాడు, బుగ్గ నిమిరినాడు, ముద్దు గూడా పెట్టుకున్నాడంట. బేరం అయిపోతాంది అనేలోపల కొమ్ములు పట్టుకుని వాటిమీద ఈతకొకటి పడే వలయాలు ఒకటొకటి లెక్కబెట్టినాడు. పద్నాలుగు. రైతుని సంతంతా తరిమినారు."

"నాకు కొమ్ములు లేవు."

"ఆవు గూడా అట్లనే అనుకోనుంటాది."

"అన్నా, ఊరికే ఉండు. ఆయన చెయ్యి వణికి నామం వంకర పోతాంది."

"చెయ్యి వణికేది నా వల్ల కాదమ్మా. వయసు. దానికి గూడా సూది ఉండాదేమో అడగమను."

"బావా, ఇట్లా చూడు. ఎడమపక్క కొంచెం పట్టింది. ఎడమ కనుబొమ్మ పైకి లేవట్లేదు. చూస్తాండావా?"

"సూస్తాండా. కుడిది లేస్తాంది. సగం ముఖానికి ఏదో పెద్ద కబురు తెలిసింది, మిగతా సగానికి ఇంగా చెప్పలే."

"అదన్నా పట్టింది కదా."

"పూర్తిగా పట్టకపోయిందే మేలు అనిపిస్తాంది. నిన్న డాక్టరమ్మకి ఫోన్ చేసినావు గదా, ఏమంటాది?"

"పద్నాలుగు రోజులు ఆగాలంట. ఈ పొద్దుకి తొమ్మిది. ఇంకోమాట కూడా చెప్పినారు. కనుబొమ్మ ఎత్తితే పడే గీతలకే ఈ మందు బాగా పనిచేస్తుందంట. ఎత్తకపోయినా ఉండే గీతలు అంత తొందరగా పోవంట."

"నీవి ఎత్తకపోయినా ఉండేవేనా?"

"...నిద్రలో కూడా ఉంటాయని పద్మ అంటాది."

"నిద్రలో ఇంగా ఎక్కువ, అన్నా. కలలో గూడా ఎవురికో శ్లోకం చెప్తాంటారు."

"అంతేనా డాక్టరమ్మ చెప్పింది? సూది ఏసినాక ఏమేం చెయ్యొద్దన్నదో, అది గూడా చెప్పు."

"అది నీకు తెలుసు."

"తెలుసు. నీ నోటితో వినాల."

"నాలుగు గంటలు నుదురు ముట్టుకోవద్దన్నారు. పడుకోవద్దు, తల వంచొద్దు అన్నారు."

"నువ్వేం జేసినావు?"

"మొక్కు ఉండింది బావా."

"ఏం మొక్కు?"

"సూది భయం పోగొడితే మెట్లకి మొక్కుతానని. ఆ పొద్దు శ్రవణా నక్షత్రం. స్వామి నక్షత్రం పెట్టుకుని మొక్కు రేపటికి తోసేస్తామా? క్లినిక్ నుంచి నేరుగా అలిపిరికి ఆటో ఎక్కినాను."

"నడిస్తే సరిపోయేది గదప్పా."

"మెట్టు మెట్టుకీ నుదురు ఆనిస్తానని మొక్కుకున్నాను."

"అన్ని మెట్లకా?"

"ఐదువందల దాకా. ఆ పైన నడుము పట్టేసింది. మిగతావి చేతితో ముట్టుకుని కండ్లకద్దుకున్నాను."

"తల వంచొద్దంటే ఐదువందల తూర్లు వంచినావు. ముట్టుకోవద్దంటే రాతికి రుద్దినావు."

"డాక్టరమ్మ చెప్పింది మామూలుగా వంచే తల సంగతి అనుకున్నాను. దేవుడికి వంచేది కూడా ఆ లెక్కలోకి వస్తుందని ఎవరనుకుంటారు?"

"ఎవురూ అనుకోరు. నిన్న నేను అలిపిరి కాడికి పోయినా, తెలుసునా?"

"ఎందుకు?"

"మందు యాడికి పోయిందో సూద్దామని. మొదటి ఐదువందల మెట్లు సూసినానప్పా. చంటిబిడ్డ బుగ్గల మాదిరి ఉండాయి. అరిగిన గీతలు ల్యావు, గుంటలు ల్యావు. ఎక్కేవాళ్ళు ఆడ కాలు నిలవక జారతాండారు. ఐదువందలా ఒకటోది మాత్రం పాతదే, ముసలిది, ముడతలతో. నన్ను సూసి ఏడ్చింది, నా వంతు ఏమాయె స్వామీ అని."

"పద్మా, మీ అన్నకి కాఫీ ఇచ్చి నోరు మూయించు."

"రెండుతూర్లు ఇచ్చినానండీ. తాగి ఇంకా హుషారయినాడు."

"బావా, నీకు నవ్వులాటగా ఉండాది. ముప్పై ఏళ్ళు కొండమీద మైకు గదిలో కూర్చున్నాను నేను. తప్పిపోయిన బిడ్డ వేసుకున్న చొక్కా రంగు, పోయిన సంచి గుర్తులు, అన్నీ నా గొంతులోనే పోయినాయి. ఇప్పటికీ బస్సులో నేను టికెట్టు అడిగితే ముందుసీటు వాళ్ళు గబుక్కున తిరుగుతారు, ఈ గొంతు యాడో విన్నామే అని. నా ముఖం చూస్తారు. కాదులే అనుకుని మళ్ళా అటు తిరిగిపోతారు."

"వాళ్ళ తప్పేముండాది? గొంతు విని ఏనుగంత మనిషిని అనుకోనుంటారు. తిరిగి సూస్తే నువ్వు."

"అదే నేను చెప్పేది. ఒక్కసారన్నా ఈ గొంతు ఈ ముఖానిదే అని తెలియాల. రోజూ పొద్దున పావుగంట. అంతకంటే ఏం అడగటం లేదు నేను."

"అడుగు, అడుగు. దానికేం."

"అయితే సాయం చెయ్యి. కనుబొమ్మలు కదలకుండా చదువుతాను. నువ్వు చూడు, కదిలితే చెప్పు."

"ఎత్తుకో."

"శ్రియః కాంతాయ కల్యాణ నిధయే..."

"గొంతేనా ఇది, ఆహా. కండ్లు మూసుకుంటే సాక్షాత్తూ దేవుడు పలికినట్టుండాదప్పా."

"తెరిస్తే?"

"తెరవకుండా ఉంటేనే మేలు."

"కదిలినాయా లేదా?"

"కదల్లే. కానీ కనుబొమ్మలు ఆపుకునేదానికి నువ్వు ముక్కు ఎగరేస్తాండావు. చెవులు గూడా."

"నాకైతే కరెంటు బిల్లు చదివినట్టుండాదండీ. భక్తి కిందికి దిగిపోయింది."

"సరే. ఇంకో దారి ఉండాది. బావా, ఆ తలగుడ్డ తీసుకో. వెనక నుంచి గట్టిగా బిగించి కట్టు. చర్మం పైకి సాగితే గీతలు సాగిపోతాయి."

"గట్టిగానా?"

"గట్టిగా."

"ఇట్లనా?"

"ఇంకా."

"పద్మా, నువ్వొకపక్క పట్టుకోమ్మా. మోకాలు ఆనించి లాగాల... ఆ. ఇంగొంచెం లాగితే నోరు నుదుటి మీదికి వస్తాది, నామం నోటికే పెట్టుకోవచ్చు."

"గీతలు పోయినాయా?"

"పోయినాయి. కండ్లు గూడా పోతాండాయి. మూసుకోగలవా?"

"లేదు. రెప్పలు పడటం లేదు."

"సేప మాదిరి ఉండావు. భక్తులు దడుసుకుంటారు."

"దడుసుకోనీ. చూస్తారు కదా, అది చాలు. బావా, నీ ఫోను మోగతాంది."

"మోగనీలే."

"తీయి, నేను కదలను."

"ఆ... ఆ తల్లీ, చెప్పు... పదకొండుకే. ఇద్దరం వస్తాండాం... లేదు, ఇంగా చెప్పలే. చెప్తాలే. నేను చెప్తాలే అంటాండా గదా."

"ఎవరు?"

"ఊరి నుంచి."

"ఊరివాళ్ళు పదకొండుకి యాడికి రమ్మంటారు నిన్ను?"

"తలగుడ్డ జారతాంది, ఉండు."

"ఏం చెప్పలేదు ఇంకా? ఎవరికి?"

"జారతాందప్పా..."

"బావా."

"అమల. ఆ ఛానల్ పిల్ల."

"ఆమె నీకెందుకు ఫోన్ చేస్తుంది?"

"ఆ మొదటి పొద్దు నీతో వచ్చింటి గదా. నువ్వు లోపల చదువుతాంటే నేను వరండాలో కూర్చోనుంటి. కెమెరాయన బయటికి వచ్చి నన్ను సూసినాడు. సూసి నిలబడిపోయినాడు. నాలుగు పక్కలా తిరిగి ఫోటోలు తీసుకున్నాడు."

"నీ ఫోటోలా?"

"ఈ ముడతలన్నీ సొంతానివేనా తాతా అన్నాడు. అవును నాయనా, ఎవురి కాడా అప్పు తెచ్చుకోలేదన్నాను. ఒక్కటి గూడా పోగొట్టుకోవాకు అన్నాడు."

"నీకు నామం నాకంటే ఎక్కువ చీలుతుంది కదా. ఐదుచోట్ల చీలుతుంది."

"చీలాలంట. ముసలి నుదుటి మీద చీలితేనే పొద్దున్నే లేచి సూసేవాళ్ళకి నమ్మకం కుదురతాదంట. నీ వయసోళ్ళవి చీలితే అతుకు మాదిరి ఉంటాదంట."

"సరిచేసుకుని రమ్మన్నాడు కదా నన్ను."

"మర్యాదకి అన్నాడప్పా. మనిషిని ఇంగెట్ల బయటికి పంపిస్తారు?"

"ముందర కూర్చునేది నువ్వేనని ఎప్పుడు చెప్పింది అమల నీకు?"

"ఆ పొద్దు సాయంత్రమే."

"సూది వేయించుకోక ముందా?"

"ముందురోజు."

"పదకొండు పోట్లు, బావా. నీ కండ్ల ముందరే కదా క్లినిక్‌కి బయలుదేరినాను. పోనిచ్చినావే."

"ఎంతదాకా పోతావో సూద్దామనిపించింది. అద్దం ముందర ఎంత సంబరంగా ఉండావో. ఆపబుద్ధి కాలే."

"పద్మా. నీకు తెలుసా?"

"చారు పొంగుతాందండీ, వస్తా ఉండండి."

"తెలుసా అని అడిగినాను."

"అప్పటికే మొక్కుకున్నారు కదా మీరు. మొక్కుకున్న మనిషికి ఎట్ల చెప్పేది?"

"సరే. మంచిది. కూర్చో పో బావా నువ్వే. కానీ ఒకటి అడుగుతాను. నీకు నాలుగు శ్లోకాలకంటే ఎక్కువ రావు. ఆ పళ్ళసెట్టు పెట్టుకుంటే సగం అక్షరాలు బయటికే రావు, తీస్తే మిగతా సగం రావు. పావుగంట ఏం చదువుతావు? చివరికి నా దగ్గరికే రావాల వాళ్ళు."

"వచ్చినారు గదప్పా. అందుకే గదా ఇద్దర్నీ రమ్మనింది. నువ్వు వెనక గదిలో మైకు కాడ కూర్చోని చదువుతావు. నేను ముందర కూర్చోని నోరు ఆడిస్తా."

"గొంతు నాది, నోరు నీదా?"

"అవునప్పా. ఆ తలగుడ్డ ఇంగ తీసెయ్, రెప్పలు పడతాయి. నీకేం అన్యాయం జరగనీలే నేను, గట్టిగా అడిగినా: తెర మీద పేరు నీదే ఏస్తారంట, ముఖం ఒకటే నాది."