రెండో పార్టు హీరోయిన్

నర్సీపట్నంలో శనివారం మ్యాటినీ, ఓ దెయ్యం సినిమాకి మూడో పార్టు. తెర మీద దెయ్యం అంట్లు తోముతుండగా కరెంటు పోయింది. జనరేటరు ఎప్పుడు లేస్తుందో దానిష్టం. పైన తిరగని ఫ్యాను, కింద నల్లులు, చుట్టూ బీడీ కంపు. గతిలేనమ్మకు గంజే పానకమని జనం ఈలలేస్తూ కూర్చున్నారు. శాలిని మాత్రం ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని ఉంది. పక్క సీట్లో ఉన్నవాడు ప్రభుకుమార్, ఆమెకు బావ, నిరుడు పోయిన అక్క జ్యోతి మొగుడు, చిన్నపిల్ల కెజియాకి తండ్రి. ఇప్పుడు శాలినికీ అతనికీ జరగబోయే పెళ్ళికి చర్చిలో ఇప్పటికే రెండు ఆదివారాలు ప్రకటన చదివారు. మూడోది రేపు. అదీ అయిపోతే ఇక కాదనడానికి ఎవరికీ అవకాశం ఉండదు.

“...సీ! దెయ్యం సేత అంట్లు తోమించడమేటి బావా? తీసినోడికి సిగ్గుండక్కర్లేదా?”

“కామెడీ సినిమా కదేటి శాలినీ.”

“కామెడీయా? మొదటి పార్టులో ఆ దెయ్యం ఎవరు? కడుపుతో ఉన్నదాన్ని మేడ మీంచి తోసీసారు. అది ఏడుస్తంటే హాలు హాలంతా ఏడిసింది. నేనైతే సీకటి పడ్డాక దొడ్లోకెళ్ళడానికి అక్కని లేపీదాన్ని. ఇప్పుడు సూడు. ఆ వంటోడు ‘ఏయ్ దెయ్యమా, గిన్నె అడుగంటింది, గట్టిగా తోము’ అంటే అది ‘అలాగేనండీ’ అంటాది. ఒళ్ళు మండిపోతంది నాకు.”

“అవునూ, ఆ వంటోడు మొదటి పార్టులో సచ్చిపోలేదేటి? మెట్ల మీద నురగ కక్కుకొని...”

“సచ్చిపోయాడు! వాడు నోరిప్పితే జనం నవ్వారు కదా, అందుకని లేపీసారు. వాడికో సినిమా. రేపు వాడి బామ్మర్దికో సినిమా. ఎల్లుండి ఆ బంగళాలో పిల్లికీ తీస్తారు. ఈల పడితే సాలు, సచ్చినోళ్ళు లేచొచ్చీడమే.”

“బైబిల్లో లాజరు సమాధిలోంచి లేచినట్టు.”

“బావా! హాల్లో కూకొని ఆ మాటలేటి? అమ్మ ఇంటే సంపీగలదు.”

“మీ అమ్మే కదా పంపింది? సినిమా హాలంటే సాతాను కొంప అని ఇన్నాళ్ళూ సెప్పి, ఇవాళ ‘ఇద్దరూ అలా ఓ సినిమాకెళ్ళి రండి’ అని తనే తోలింది.”

“తోలింది. గుమ్మం దాకా వొచ్చి మరీ తోలింది. నేను ముందే వీధిలోకొచ్చీసాను, పాప ఏడిసిందా నువ్వొచ్చేటప్పుడు?”

“కెజియాయా? లేదు. అమ్మమ్మ జంతికలు పెట్టింది, దాని లోకం దానిది. కేబుల్లో ఈ సినిమా పాట సూసిందేమో, ‘దెయ్యమా దెయ్యమా గిన్నె తోము’ అని బొమ్మకి పని సెప్తంది.”

“సూశావా? పిల్లలకి కూడా అదే నేర్పుతన్నారు. సచ్చిపోయిన ఆడదంటే పనిమనిషని.”

“ఏదో ఆటలే.”

“బాబూ, కొంచెం కాళ్ళు తీస్తారేటి? తువ్వాలు పడిపోయింది ఎనక్కి. ఆఁ, దొరికిందండి. మాది నాతవరం, నన్ను మన్మథరావంటారు. ముందు సీట్లో ఉన్నాను కదా, మీ మాటలు ఇనబడిపోతన్నాయి. మీ ఇంటావిడకి బొమ్మ నచ్చినట్టు లేదే?”

“...ఆఁ. పర్లేదండి.”

“పర్లేదేటండీ, బెమ్మాండంగా ఉంటేను! దెయ్యం జుట్టు బూజుకర్రకి కట్టి ఇల్లు దులిపించాడు సూడండీ, నవ్వలేక సచ్చాను. అయినా డబ్బిచ్చి భయపడ్డమేటమ్మా? భయమే కావాలంటే రాత్రేళ తాండవ కాలవ గట్టు మీద మడికి నీళ్ళు కట్టడానికి రండి, కావాల్సినంత భయం. బాబూ, ఆవిడకి సోడా ఇప్పించండి, ఉక్కపోతకి ముఖం ఎలాగో అయిపోయింది.”

“అలాగేనండి.”

“నువ్వు సెప్పలేదేటి బావా?”

“ఏటి?”

“నేను మీ ఇంటావిణ్ణి కానని.”

“...నువ్వూ సెప్పలేదు కదా.”

“సరే.”

“సోడా తాగుతావా?”

“వొద్దు. ఈ కంపులో నీళ్ళు కూడా దిగవు.”

“పోనీ ఎల్లిపోదుమా?”

“ఎల్లి? ‘అప్పుడే వొచ్చీసారేటి, మాట్లాడుకున్నారా’ అని అమ్మ అడుగుతాది. ఏటి సెప్తావు?”

“సినిమా బాగోలేదని సెప్తాను.”

“అది నిజమే. అయినా దీనికన్నా రెండో పార్టే సెండాలం.”

“రెండో పార్టు ఊసెందుకిప్పుడు? ఒగ్గీ.”

“ఎందుకొగ్గీడం? అదే బంగళా. అదే మెట్లు. అదే హీరో, మీసం ఒక్కటే మార్సాడు. హీరోయిన్ సచ్చిపోయింది కదా మరి, ఏటి సేస్తారు? దానికో సెల్లెలుందట! మొదటి పార్టులో దానికి సెల్లెలున్నట్టు ఒక్కడూ సెప్పలేదు. ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? పోయినామె సీర కట్టారు, పోయినామె అద్దం ముందు కూకోబెట్టారు, పోయినామె మంచం...”

“శాలినీ.”

“ఏటి?”

“నెమ్మదిగా. ఆయన ఇంటన్నాడు.”

“ఇననీ. నేను సినిమా గురించే కదా సెప్తన్నాను.”

“సినిమా గురించేనా?”

“మరి దేని గురించనుకున్నావు?”

“ఏటో.”

“రెండో పార్టంటారేటమ్మా? మద్దెలో వొస్తన్నానని ఏటనుకోకండి, నాకైతే అదే నచ్చింది. మొదటామె ఎప్పుడూ ఏడుపే. ఆ సెల్లెలు సూడండి, వొచ్చి ఎంత బాగా సర్దుకుందో! పోయినామె ఎలాగూ పోయింది. ఇంట్లో అన్నం వొండి పెట్టడానికి మనిషుండాలి కదండీ? బయటిదాన్ని తెస్తే ఎలాటిదో ఏటో. సొంత సెల్లెలైతే ఏ గొడవా ఉండదు. ఏటంటారు బాబూ?”

“...నేనేటంటానండి.”

“మీరేటీ అనరు, ఆవిడ అనీది ఆపరు! కొత్తగా పెళ్ళైనట్టుంది మీకు. మా ఆవిడ కూడా అంతేనండి, కాపురానికొచ్చిన కొత్తలో దేన్ని సూసినా సీ అనీది. పిల్లలు పుట్టాక ఆ సీ పోయింది.”

“మన్మథరావుగారూ, జనరేటరు సంగతి కాస్త కనుక్కోండి. పెద్దోళ్ళు, మీరెళ్తే ఇంటారు.”

“అదీ నిజమే. నా సీటు సూస్తండండి, తువ్వాలేసెళ్తన్నాను. ఒరే గేటోడా! డీజిలు లేకపోతే టిక్కెట్లు ఎందుకు సింపారా...”

“రెండోసారి, బావా.”

“ఏటి రెండోసారి?”

“ఆయన మనల్ని మొగుడూ పెళ్ళాం అన్నాడు. నువ్వు నోరిప్పలేదు.”

“నువ్విప్పావేటి?”

“పెద్దోడివి నువ్వు. మగోడివి.”

“చర్చిలోనూ అంతే కదా. అయ్యగారు మన పేర్లు సదివి, ‘వీరి వివాహమునకు అభ్యంతరము గలవారు ఇప్పుడే తెలుపవలెను’ అన్నారు. మొదటి ఆదివారం నీకేసి సూశాను. నువ్వు పాటల పుస్తకం తిరగేస్తన్నావు.”

“తిరగేస్తన్నాను. తలకిందులుగా పట్టుకొని.”

“అది నేను సూడలేదు.”

“రెండో ఆదివారం నేను సూశాను నీకేసి. నువ్వు ఫ్యాను రెక్కలు లెక్కెడతన్నావు.”

“నువ్వే మనసు మార్సుకొని లేస్తావేమోనని...”

“నువ్వు లేస్తావని నేను.”

“నేనెందుకు లేస్తాను? ఈ పెళ్ళి నువ్వే అడిగావని సెప్పింది మీ అమ్మ.”

“ఎవరు? నేనా?”

“‘కెజియాని ఇంకో ఆడదాని సేతిలో పెట్టను, బావని నేనే సేసుకుంటాను’ అని అన్నం మానేసి అడిగావట.”

“ఓలమ్మో! బావా, పాప మీద ఒట్టు. నేను ఆ మాట అననే లేదు. నాకింకోలాగ సెప్పింది.”

“నీకేటి సెప్పింది?”

“అక్క పోయే ముందు నీ సెయ్యి పట్టుకొని ‘మా సెల్లిని సేసుకో’ అందట. అదే అక్క ఆఖరి మాటట. ఆ మాట నిలబెట్టడానికి నువ్వు కాసుక్కూకున్నావట. సచ్చిపోయినదాని మాట నేనెలా కాదంటాను?”

“జ్యోతి అందనా? మీ అమ్మే సెప్పిందా?”

“అమ్మే. అక్క అంది కదా బావా?”

“ఆస్పత్రిలో ఆఖర్న మీ అక్క గొంతులో గొట్టం ఉంది శాలినీ. నువ్వప్పుడు పాపతో ఇంటికాడున్నావు. జ్యోతి ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళు కావాలన్నా కళ్ళతోనే అడిగింది.”

“ఆ సంగతి అమ్మకి తెలీదా?”

“అమ్మ మంచం పక్కనే ఉంది. దూదితో పెదాలు తడిపింది ఆవిడే.”

“సీ! సీ సీ... కన్నకూతురు నోరు మూతపడితే, ఆ నోట్లో మాటలు తను పెట్టిందేటి? తల్లేనా?”

“అలాగనకు. నా సొంత అక్క కొయ్యూరు నుంచి నాకు సంబంధాలు పట్టుకొచ్చి కూకుంటంది. నాకు ఎవత్తో వొచ్చిందంటే మనవరాలు దక్కదని ఆవిడ భయం. జ్యోతి పోయింది, పాపని కూడా పోగొట్టుకోలేక...”

“పోగొట్టుకోలేక నన్ను పెడతాదా? మొన్న అక్క పెళ్ళి సీరా, దాని మీది జాకెట్టూ తీసింది బావా. కుట్లు విప్పి నా కొలతకి సరిపెట్టింది. సంక దగ్గర అక్క సెమట మరక అలాగే ఉంది. ‘ఉతికితే పోద్దిలే’ అంది. తొడుక్కున్నాను. దొడ్లోకి పరిగెత్తి వాంతి సేసుకున్నాను. అక్క సెమటకి కాదు. అది నా ఒంటికి సరిపోయినందుకు.”

“తెలుసు.”

“ఏటి తెలుసు?”

“ఇంటి ప్రార్థనకి ఆ సీర, ఆ జాకెట్టే కట్టించారు కదా నీకు. ఎనకాల్నుంచి సూసి ‘జ్యోతీ’ అనీసాను. నువ్వు తిరిగావు.”

“ఇనబడనట్టు ఊరుకున్నాను.”

“మా పెళ్ళిలో తెల్లగౌను తొడుక్కొని పువ్వులు పట్టుకొని నడిసిన పిల్లవి నువ్వు. సైకిలు నేర్పింది నేను. నిన్ను ఆ మంచం దగ్గర... అసయ్యమేసింది శాలినీ. నీ మీద కాదు, నా మీద.”

“మరి సెప్పీడానికేటి? నోట్లో ఏటుంది?”

“నువ్వడిగావన్నారు కదా! అడిగిన పిల్లని ఊరందరిలో కాదంటే దాని బతుకేటవుద్దని... నువ్వు కావాలనుకున్నావేమోనని...”

“సాల్లే. ఇద్దరం కలిసి మంచి సినిమా తీశాం.”

“రెండో పార్టు మనం ముగ్గురం ఇక్కడే సూశాం. ఇంటర్వెల్ అవకుండానే మీ అక్క లేచెళ్ళిపోయింది, గుర్తుందా?”

“తలనొప్పంది.”

“నీతో తలనొప్పంది. సైకిల్ స్టాండు దగ్గర నాతో ఏటందో తెలుసా? ‘సచ్చినదాని సీర కట్టి ఆ సెల్లిని అదే గదిలోకి తోస్తన్నారు, ఈళ్ళేమో సప్పట్లు కొడతన్నారు. ఆ పిల్లకి దాని సినిమా దానికి ఉండక్కర్లేదా?’ అంది. నేను నవ్వాను. ‘నవ్వకు. నాకేటైనా అయ్యిందంటే మా సెల్లి జోలికి రాకు. దెయ్యాన్నై వొచ్చి పీక పిసికీగల్ను’ అంది. ఈ ఇషయంలో జ్యోతి నాతో అన్న మాట అదొక్కటే.”

“...పీక పిసుకుతాననే అందా?”

“అనే అంది. ఏడుస్తన్నావేటి?”

“లేదు. నవ్వొస్తంది. అక్క గొంతు ఇనబడినట్టుంది.”

“ముఖం తుడుసుకో. రేపు నేనే లేస్తాను.”

“నువ్వు లేస్తే ‘పిల్లలో ఏదో లోపముంది, అందుకే వొద్దన్నాడు’ అంటారు.”

“నువ్వు లేస్తే పొగరంటారు.”

“పొగరంటే బతకొచ్చు బావా.”

“మీ అమ్మ ముందు వరసలో కూకుంటాది. సంఘ పెద్దలందరూ ఉంటారు. అంతమందిలో నోరిప్పగలవా?”

“అదే భయం. అయ్యగారు ఆ ముక్క సదివేసరికి మళ్ళీ పాటల పుస్తకం తిరగేస్తానేమో. ఆ మాట ఇంతవరకు ఒక్కసారైనా పైకి అని సూడలేదు. మరి కెజియా?”

“కెజియాకి పిన్నివి. పిన్నిగానే ఉండు. నేను ఎవర్ని సేసుకున్నా, అసలు సేసుకోకపోయినా, పాప నీ దగ్గరికి రావడం ఆగదు. దానికి ఒప్పుకోని మనిషి నా గుమ్మం తొక్కదు. సరేనా?”

“మాట తప్పావనుకో...”

“మీ అక్క పీక పిసుకుతాది.”

“వొచ్చీసింది, వొచ్చీసింది! డీజిలు పోస్తన్నారండీ, బేగి మొదలవుద్ది. ఇదిగోనమ్మా, మురీ మిక్చరు తెచ్చాను మీకు. అదేటి, కళ్ళంట నీళ్ళేటి? బాబూ, నేనిలా ఎల్లేసరికి మీ ఆవిణ్ణి ఏడిపించీసారేటి? తప్పు. మొగుడన్నోడు...”

“మన్మథరావుగారూ.”

“శాలినీ, ఒగ్గీ. ఆయనతో ఎందుకు?”

“ఒగ్గను బావా. ఇది మూడోసారి.”

“ఏటమ్మా మూడోసారి? మిక్చరులో ఉల్లిపాయ పడదేటి మీకు?”

“నేను ఈయన భార్యని కానండి. అవ్వను కూడా. నాకు అభ్యంతరం ఉంది.”