బ్రేకు కాలు

ఫిజియోథెరపీ గదిలో బస్సు డ్రైవరు బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఫిజియోథెరపిస్టు చక్రాల స్టూలు జరుపుకుంటూ ఎదురుగా వచ్చి, బలం కొలిచే మీటరును రెండు చేతులతో అతని అరికాలికి ఆనించింది.

“ఎడమ కాలితో తొక్కండి బాబాయ్. ఆఁ, నలభై కిలోలు. ఇప్పుడు ఆపరేషనైన కాలు.”

“తొక్కుతున్నానమ్మా.”

“ఇరవై రెండు. ఇంతేనా?”

“ఇంతే.”

“చీలమండలో విరిగిన రెండెముకలూ అతుక్కున్నాయి. ప్లేటూ స్క్రూలూ కదల్లేదు. తెగిన లిగమెంటు కూడా గట్టిపడింది. అయిదు నెలలుగా నేను చెప్పిందల్లా చేశారు. మరి బలమేదీ?”

“ఇవాళ నువ్వు ఈ ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టకపోతే డిపోలో నన్ను టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతారు తల్లీ. ఆ కుర్చీలో నేను కునికిపాట్లు పడతాను.”

“సగం బలంతో బస్సెలా నడుపుతారు? ఒక్కసారి గట్టిగా తొక్కండి.”

“బ్రేకు గట్టిగా తొక్కితే నిలబడ్డవాళ్లు పడిపోరూ? ఇరవై ఆరేళ్లలో ఒక్కరిని కూడా పడెయ్యలేదు నేను.”

“ఎడమ కాలితో బాగానే తొక్కారుగా?”

“అది క్లచ్చు కాలమ్మా. క్లచ్చు ఒక్క తన్నుతో తొక్కాలి. బ్రేకుని బుజ్జగించాలి.”

“ఓరి నాయనో! నా మీటరునీ బుజ్జగిస్తున్నారా ఇంతసేపూ? సరే, చిన్నపిల్ల మీ బస్సుకి అడ్డమొచ్చేసింది! తొక్కండి!”

ఆమెతో సహా స్టూలు వెనక్కి దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది.

“అయ్యో, దెబ్బ తగిలిందా అమ్మా?”

“నలభై మూడు! నలభై మూడు బాబాయ్! ఆ కాగితం ఇటు విసరండి, ఇక్కడే సంతకం పెట్టేస్తా.”

“విసరడమెందుకు? నడిచొచ్చి ఇస్తా.”