చెట్లు చిక్కిన ఏడు

ఒక్క ఏడాదిలో అడవి ఎలా చిక్కిపోతుంది, తప్పు కొలత టేపుదా, తనదా అని చండ్రుగొండ అడవిలో, నంబర్లు వేసిన టేకుచెట్ల మధ్య నిలబడి జోయెల్ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. 2007 ఎండాకాలం. కొత్త వాచరుగా అతనికి అదే మొదటి కొలత. ఎదురుగా, అతను రాసిన కొలతల కాగితం చూస్తూ సెక్షన్ ఆఫీసరు షాలేమ్‌రాజు. పక్కన, నిరుడు పని దిగిపోయిన పాత వాచరు పిచ్చయ్య.

“నీ చెట్లు ఉపవాసాలున్నయా జోయెల్? ఈస్టరు ముందటి శ్రమకాలం మనకా, వాటికా?”

“నేను కొలిచిందే రాసిన సార్.”

“అదే తప్పు. ఈ లావును బట్టే మన దేశం అడవులు ఎంత పొగ మింగినయో ఢిల్లీవాళ్లు లెక్కగట్టి లోకానికి చెప్తరు. పిచ్చయ్య ఉన్న ఆరేండ్లూ ప్రతి చెట్టు లావైంది. నువ్వొచ్చినవ్, నూట ఇరవై చెట్లు నడుములు సన్నం చేసుకున్నయ్.”

“ఛాతీ ఎత్తున కొలవమని కాగితంల ఉంది సార్. గట్లనే కొలిచిన.”

“ఎవరి ఛాతీ?”

“నాదే సార్. ఇంకెవరిది తెస్త?”

“ఎదురు మాట్లాడకు. నీ పని ఉంటదో పోతదో రేపు రాసి పంపాలె. పిచ్చయ్యా, ఈ ఏడో నంబరు నువ్వు కొలువు.”

“టేపియ్యి బిడ్డా... ఇగో సార్, తొంభై ఆరు సెంటీమీటర్లు.”

“విన్నవా? నువ్వు రాసింది ఎనభై నాలుగు. నిరుడు ఈయన రాసింది తొంభై మూడు. ఈయన చెయ్యి పడితె చెట్టు పెరుగుతది.”

“తాతా, నువ్వు నా కంటె పొట్టి గద.”

“ఇప్పుడు. పనిల చేరిన్నాడు నీ అంత ఉంటి.”

“మరి?”

“నడుం వంగుతుంది బిడ్డా, ఏడాదికింత. చెట్టుకున్న ఈ బుడిపె నిరుడు నా ఛాతీకి ఉండె. ఇయ్యాల గడ్డం కాడికొచ్చింది.”

“సార్... చెట్టు కిందికి పోయినకొద్ది లావుంటది గద.”

“ఉంటె?”

“ఆరేండ్లు పెరిగింది అడవి కాదు సార్, తాత నడుం...”

“ఆపు. ఈ మాట ఇంకెవరికన్న చెప్పినవా?”

“లేదు సార్.”

“చెప్పకు. చెట్ల పెరుగుదలల జిల్లాల మన ప్లాటే ఫస్టు. అన్ని చెట్లు మళ్ల కొలువు, ఈయన ఛాతీ కాడ.”

“ఏ ఏడు ఛాతీ సార్? నిరుడుదా, ఇప్పటిదా?”

“ఏది లావొస్తె అది.”

“వచ్చే ఏడు?”

“వచ్చే ఏటికి ఇంకింత వంగుతడు. పిచ్చయ్యా, నిన్నే మళ్ల పనిల పెట్టుకుంట.”

“ఎక్కడ సార్, నడవనే వస్తలేదు.”

“నడవద్దు. నిలబడు చాలు. జోయెల్, ఆ నంబర్లేసే రంగుడబ్బా ఎందుకు తీసినవ్?”

“గీత పెడ్త సార్, అన్ని చెట్లకు. ఇగ ఎవరొచ్చినా గీత కాడనే కొలవాలె.”

“నీ పని పోతది.”

“అవ్ సార్. పోయింది గద.”

“ఎవరి ఛాతీ కాడ పెడ్తవ్ మరి?”

“మీ ఛాతీ కాడనే. లెక్కల కాగితం కింద సంతకం మీది గద. జర నిటారుగ నిలబడుండ్రి సార్.”