ఇత్తడి తొడుగు

1941 మార్చి. నాంపల్లిలో ఒక కాలేజీ, ఫిజిక్స్ ల్యాబు, సాయంత్రం నాలుగున్నర. మొన్న ఇక్కడే పరీక్ష జరిగింది: దారానికి ఇనుప గుండు వేలాడదీసి ఊపి, దారం పొడుగు స్కేలుతో, ఊపుల కాలం వాచీతో కొలిచి, భూమి ఎంత బలంగా లాగుతుందో లెక్క తేల్చాలి. ఇప్పుడు ఆ స్కేలు డిమాన్‌స్ట్రేటర్ వామన్‌రావు చేతిలో ఉంది. ల్యాబు అటెండరు గట్టయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మళ్ళ అడుగుతున్న గట్టయ్యా. ఈ కొసకు ఏంది ఇది?"

"తొడుగు సార్."

"తొడుగని నాకూ కనబడుతున్నది. ఎవరు పెట్టిన్రు?"

"కొస అరిగింది సార్. చెక్క పొరలు లేస్తున్నది. పిల్లల చేతులకు పేళ్ళు గుచ్చుకుంటున్నయని..."

"ఎవరు పెట్టిన్రని అడిగిన."

"నేనే సార్."

"ఎంత పొడుగున్నదో తెలుసా? ఇప్పుడే కొలిచిన. సున్న గీతకు అవతల రెండు సెంటీమీటర్లు. అంటే ఈ స్కేలు నూరు అని చూపిస్తే అసలు నూటరెండు. మొన్న పరీక్షల అందరు దారం దీంతోనే కొలిచిన్రు. ఔనా కాదా?"

"ఔ సార్."

"దారం తప్పు కొలిస్తే లెక్క తప్పు వస్తది. పరీక్ష మొత్తం ఖరాబైనట్టే. ఐదు గంటలకు పాసైనోళ్ళ లిస్టు ప్రిన్సిపాల్ సాబుకు పోవాలె. 'సామాన్లన్నీ స్వయంగా పరీక్షించాను, సరిగ్గా ఉన్నవి' అని కింద నా దస్తఖత్తు. ఏ మొహం పెట్టుకొని చెయ్యాలె?"

"ఏటేటా చేస్తనే ఉన్నరు గద సార్."

"ఏమన్నవ్?"

"ఏం లేదు సార్."

"చూడకుండనే చేస్తున్ననంటవ్. అను, అను. ఈ తొడుగు ఎప్పటిది?"

"ఐదేండ్లాయె."

"ఐదేండ్లా? ఐదేండ్ల సంది పిల్లలకు సరైన లెక్కే వస్తున్నది గద. మొన్న కూడ ఇరవై రెండు మందిల ఇరవై ఒక్కరికి తొమ్మిదొందల డెబ్బై ఎనిమిది. ఇదే రావాలె అని నేను బోర్డు మీద రాసిపెట్టిన అంకె. స్కేలు తప్పైతే లెక్క ఒప్పు ఎట్లయితది?"

"నాకేం తెలుస్తది సార్. నాకు సదువా?"

"మరి కండ్లు కిందికెందుకు పోతున్నయ్? తలుపు పెట్టొచ్చి చెప్పు."

"తలుపు పెడితే గా బిడ్డ ఏమనుకుంటదో సార్."

"ఏ బిడ్డ?"

"కమలమ్మ. పొద్దుగాల్నించి వరండల నిలబడ్డది. వాళ్ళ నాయిన, గన్‌ఫౌండ్రీ బ్యాంకుల గుమాస్త శ్యామ్‌సుందర్ సాబు, గేటు కాడ జట్కాల కూసున్నడు. లిస్టుల పేరు లేకుంటే సదువు బంద్ చేయించి తోలుకపోతనన్నడట. మళ్ళ పంపడట సార్."

"నేనేం చెయ్యాలె? క్లాసుల ఉన్నది ఒక్కతే ఆడపిల్ల, నాకేం కోపమా? ఆమెకు తొమ్మిదొందల యాభై ఎనిమిది వచ్చింది. ఇరవై తక్కువ. మళ్ళొకసారి చూసి రాయమ్మా అన్న. మూడుసార్లు చూసిన సార్, గదే వస్తున్నది అన్నది. వాచీ తప్పు చెప్పదు, స్కేలు తప్పు చెప్పదు, మనిషి చెయ్యే తప్పు చేస్తది అని చెప్పి ఫెయిల్ చేసిన."

"నన్ను కూడ అడిగింది సార్, స్కేలు సరిగ్గ ఉన్నదా గట్టయ్యా అని."

"నువ్వేమన్నవ్?"

"సార్ దస్తఖత్తు పెట్టిన సామాను బిడ్డా, సరిగ్గనే ఉంటది అన్న."

"మాటకు మాట అంటిస్తున్నవ్ నాకు."

"లేదు సార్. సాయన్నకు కూడ గదే చెప్పిన్రు మీరు, చెయ్యే తప్పు చేస్తదని. గది యాదికొచ్చింది."

"ఏ సాయన్న?"

"నా కొడుకు."

"నీ కొడుకు. ఔ. ఇప్పుడెందుకు ఆ ముచ్చట?"

"తొడుగు ఎందుకని మీరే అడిగిన్రు గద. ఐదేండ్ల కింద గిదే పరీక్షల వానికి తొమ్మిదొందల తొంభై ఎనిమిది వచ్చింది. గదే రాసిండు. ఇరవై ఎక్కువని మీరు ఫెయిల్ చేసిన్రు. వాడు ఏడ్వలే సార్. నాయినా, గా వాచీ ఒక్క పూట ఇయ్యి అన్నడు."

"ల్యాబు వాచీ బయటికిచ్చినవా?"

"ఇచ్చిన. నాంపల్లి స్టేషన్ గడియారం ముంగట గంటసేపు కూసున్నడు. గంటకు ముప్పై ఆరు సెకన్లు ఎనకబడ్డది సార్ మన వాచీ."

"ముప్పై ఆరా? ఉండు, ఉండు. నూటికి ఒకటి. లెక్కల కాలాన్ని కాలంతోనే గుణిస్తం గనుక నూటికి రెండు. అంటే అసలు దానికంటె ఇరవై ఎక్కువ రావాలె."

"వానికి గంతే వచ్చింది."

"అయితే వాడు సరిగ్గనే..."

"ఔ సార్."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పొచ్చిన. మీరు నడుసుకుంటనే ఇన్నరు. వాచీ విలాయతుది గట్టయ్యా, నీ కొడుకు మెదక్ పల్లెటూరోడు అన్నరు."

"అన్ననా?"

"నవ్వుకుంట అన్నరు."

"అయితే ఈ తొడుగు?"

"వాచీ ముట్టుకుంటే దొరుకుతం నాయినా, స్కేలుకు రెండు సెంటీమీటర్లు అతికియ్యి, ఎక్కువైంది తగ్గుతది, ఇంకోడు ఫెయిల్ గాడు అన్నడు సాయన్ననే. మన తాన దారం ఎప్పుడు నూరే గద సార్. గందుకే పెట్టిన."

"వాచీ ఇరవై పెంచుతది, తొడుగు ఇరవై తగ్గిస్తది. రెండు తప్పులు కలిసి సరిపోయినయ్. గట్టయ్యా, నన్ను బతికించినవ్. పరీక్ష ఖరాబు కాలే. ఇరవై ఒక్కరు నిజమే రాసిన్రు."

"సార్, ఒక్క మాట..."

"ఉండు. ఇది ఉన్నదున్నట్టు రాయాలె. వాచీ నెమ్మది, స్కేలు పొడుగు, ఒకటికొకటి సరి. కాని అది రాస్తే, ఐదేండ్ల దస్తఖత్తులు అబద్ధమని నా చేత్తోనే రాసిచ్చినట్టు. నీ నౌకరీ పోతది. నాది కూడ పోతదేమో. రాయకుంటే ఇంకొక దొంగ దస్తఖత్తు. ఎటు తిరిగినా గోడే తగులుతున్నది."

"సార్, జర నా మాట..."

"సాయన్నను ఏం చేసిననో చూసినవా? వాడు చూసింది చూసినట్టు రాస్తే వాని సదువు నేనే తీసేసిన. నాకు సిగ్గైతున్నది గట్టయ్యా. తలుపెవరు కొడుతున్నరు?"

"ప్రిన్సిపాల్ సాబు జవాను, బిచ్చయ్య. లిస్టు కోసం."

"ఐదు నిమిషాలని చెప్పు."

"చెప్పిన సార్. గీడనే నిలబడతనంటున్నడు."

"నిలబడనియ్యి. రాస్త. నౌకరీ పోతే పోనీ, ఇరవై ఒక్క మంది కష్టం పాడుచెయ్య. కమల ఒక్కతే తప్పు కొలిచింది, దానికి నేనేం చెయ్యలేను. మిగిలినోళ్ళు ఎంత ముచ్చటగ కొలిచిన్రో చూడు, ఒక్కరికి కూడ అంకె పక్కకు పోలే. నేను కొలిచినా నాలుగైదు అటో ఇటో వస్తది."

"మీకు కూడ వస్తదా సార్?"

"ఎవరికైనా వస్తది. వాచీ నొక్కే కాడ రెప్పపాటు తేడా ఉంటది గద. ఒకని చెయ్యి తొందర, ఒకని చెయ్యి నిదానం."

"పిల్లలకు రాలేదా మరి?"

"రాలే. అందరికి ఒక్కటే అంకె. కలం ఇయ్యి."

"రాయకముందు ఇనుండ్రి సార్, మీ కాళ్ళు మొక్కుత. పుష్యమాసంల వాచీ అద్దం పగిలిందని, ఏయించుకరమ్మని నాకిచ్చిన్రు. యాదున్నదా?"

"ఉన్నది. అబిడ్స్‌ల ఏదో దుకాణం."

"గా దుకాణంల కూసునేది సాయన్ననే సార్. మూడేండ్ల సంది గడియారాలు బాగుచేస్తున్నడు."

"ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్పబోతుంటే మీరు ఉండు, ఉండు అంటున్నరు. వాడు అద్దమొక్కటే ఎయ్యలే. రెండు దినాలు తన తాన పెట్టుకొని, మళ్ళ స్టేషన్ కాడికి తీస్కపోయి, సరిజేసిండు. ఇప్పుడు గంటకు ఒక్క సెకను తేడా లేదు."

"వాచీ సరిగ్గ ఉన్నదా? మొన్న పరీక్షనాడు కూడ?"

"ఔ సార్."

"మరి తొడుగు?"

"తీసెయ్యి నాయినా అన్నడు. గా దినమే నా పెండ్లాన్ని, పోశవ్వను, దవాఖానల చేర్పిచ్చిన. దాని ఫికర్ల పడి మర్చిపోయిన. ఇయాల మీరు స్కేలు చేతికి తీసుకునేదాక మతికి రాలే."

"అంటే వాచీ పెంచేది ఏం లేదు. తొడుగు తగ్గించేది ఒక్కటే ఉన్నది."

"గంతే గద సార్."

"అట్లయితే వాళ్ళకు తొమ్మిదొందల డెబ్బై ఎనిమిది ఎక్కడ్నించి వచ్చింది? ఇరవై ఒక్కరికి? గట్టయ్యా, బోర్డు. పరీక్షనాడు ఆ అంకె బోర్డు మీద ఉండెనా?"

"ఉండె సార్. ఎన్నడు తుడవొద్దని మీరే అన్నరు గద."

"కలం పక్కకు పెట్టు. అందరు దాన్నే చూసి రాసిన్రు."

"తొడుగు తీయకుంటే లెక్క ఎంత వస్తదో సాయన్న గప్పుడే చీటీల రాసిచ్చిండు సార్. మళ్ళ ఎవరన్న ఫెయిలైతరు, సారుకు చూపియ్యి అన్నడు. మీరు మళ్ళ నవ్వుతరని గప్పుడు చూపియ్యలే, ఎనక మర్చేపోయిన. అంగీ జేబులనే ఉన్నది. నాకు సదవరాదు, మీరే చూడుండ్రి."

"ఇటియ్యి."

"ఎంత రాసిండు సార్?"

"తొమ్మిదొందల యాభై ఎనిమిది. కమల రాసిన అంకె."