కప్ప ఒప్పుకున్న రోజు

"అవ్వా, మీ కాలంలో కడుపో కాదో ఎట్టా తెలుసుకునేవాళ్లు?"

ఎట్టానా? కప్పని అడిగేవాళ్లం. నవ్వు, నవ్వు. నవ్వడం అయినాక చెప్తా.

చెప్పే ముందర ఒక మాట. ఇది మీ తాతకి కూడా చెప్పలా, ఆయన పోయేదాకా చెప్పలా. ఆ కప్పని చంపింది నేను. మంగ కాదు, నేనే. హమ్మయ్యా... ఇన్నేళ్లకి నోట్లోంచి బయటికొచ్చింది. మంగంటే మీ తాత చెల్లెలే, నా ఆడబిడ్డ. విడవలూరు పక్కన ఇచ్చినాం గదా, నీకు మంగవ్వ. దాన్ని ఇప్పటికీ కప్పల మంగ అంటారా లేదా? ఎందుకంటారో నీకు తెలవదు. దానికీ అసలు నిజం తెలవదు, అదే గదా నా ఏడుపు.

ఆగు, ముందు నీ సంగతి. నువ్వు నిన్న సందకాడ చెంబెడు మజ్జిగ తాగి, ఆ పైన ఇన్ని నీళ్లు తాగి, మందులషాపు పుల్ల తెచ్చుకోని చూసుకుంటివి. ఒక్క గీతే వచ్చిందని దిండులో మొకం పెట్టుకుంటివి. తేదీ దాటి ఎన్నాళ్లయింది? రెండు రోజులు. రెండు రోజులకి లోపలుండేదానికి తానున్నట్టు తనకే తెలవదు, ఇంక నీకేం చెప్తుంది? వారం ఆగు. తెల్లారి లేచీ లేవంగానే, నోట్లో చుక్క నీళ్లు పోసుకోకముందు, ఆ మొదటిది పట్టి చూడు. ఆ డబ్బా మీద ఏ నెల దాకా పనికొస్తుందో అది కూడా చదువుకో. నాకెట్టా తెలుసా? అదే చెప్పబోతా ఉండాను, నన్ను చెప్పనీ.

నయా పైసలొచ్చి ఐదారేళ్లయినా మేమింకా అణాల్లోనే మాట్లాడుకునే రోజులవి. మైపాడు నుంచి నెల్లూరికి పొద్దున ఒక బస్సు, మజ్జానం ఒకటి. నాకు ఇరవై నిండినాయో లేదో. పెళ్లయి నాలుగేళ్లు, కడుపు రాలా. అంటే రెండుసార్లు వచ్చిందనుకున్నాం. నెల తప్పడం, మా అత్త పోలేరమ్మకి పొంగలి మొక్కడం, రెండో నెలాఖరుకి నేను మళ్లా బయట కూర్చోడం. రెండోసారికి రేవులో ఆడోళ్లు, "మీ కోడలు పొంగలి తినేదానికే నెల తప్పుతుందేమో చూడు పిన్నీ" అని ఎగతాళి. మా అత్త పరువు గల మనిషి. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఇంక మూడోసారి తప్పింది. నాకు వాంతి లేదు, వికారం లేదు. సద్దన్నం, దాంట్లోకి కాల్చిన ఎండుచేప, రెండు పూటలా లాగిస్తా ఉన్నా. మా అత్త నా కంచం చూసి తేల్చేసింది. "ఇది కడుపు కాదు. లోపల నెత్తురు గడ్డ కట్టింది. శుక్రవారం కషాయం పోస్తా."

ఆ కషాయం ఉండాదే, నాటు వైద్యుడు ఇచ్చే వేళ్లతో కాచేది. నెల రానోళ్లకి రప్పిస్తుంది. గడ్డయితే మంచిదే. బిడ్డయితే? ఆ మాట అడిగితే, "బిడ్డయితే నాకు తెలవదా?" అంటుంది. మీ తాతా? ఆయన వల ముందర మొనగాడు, వాళ్లమ్మ ముందర పిల్లి. అడిగితే, "అమ్మకి తెలుసులే అంకీ" అనేసి పడవెక్కినాడు.

నేను ఊరుకునే రకం కాదు. నాకప్పటికే చదువొచ్చు. ఎవరు నేర్పినారంటావు? శెట్టి అంగట్లో బెల్లం చుట్టిచ్చే కాయితం నేర్పింది, గోడ మీద సినిమా బొమ్మలు నేర్పినాయి. ఒక్కో అక్షరం ఏరుకోని నేర్చుకున్నా. దాంతో ఎచ్చులు కూడా ఎక్కువే ఉండె. నెల్లూరులో డాక్టరమ్మ ఉందంట, చూపించుకోని వచ్చినాక నీ కషాయం గుక్క తిప్పకుండా తాగుతా అని అత్తకి చేతిలో చెయ్యేసి చెప్పినా. సరే పదమనింది.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "ఇంత తొందరగా చేత్తో చూసి చెప్పలేనమ్మా. పరీక్ష చేయాల. ఈలోపల కషాయం గిషాయం తాగితే, ఉండేది కూడా పోతుంది" అనింది. పరీక్ష చేసేది పక్క గదిలో కళ్లజోడాయన. ఆయన చెప్పినాడు, నీ ఒంటేలు తెచ్చిస్తే కప్పకి సూదేస్తాం, మగ కప్పకి. కడుపుండే ఆడదానిదైతే ఆ కప్ప బీజం వదుల్తుంది, రెండుమూడు గంటల్లో దాని ఒంటేలు భూతద్దంలో చూస్తే తెలుస్తుంది అని.

మా అత్త నోరెళ్లబెట్టింది. "మగ కప్పా? నా కోడలిది తీసకపోయి మగ కప్పకి ఎక్కిస్తావా? ఆడ కప్ప లేదా నీ కాడ?"

"ఆడ కప్ప చెప్పదమ్మా."

"కడుపు సంగతి ఆడది చెప్పకపోతే మగోడు చెప్తాడంటనా? మా ఇంట్లో మగోడికి కూర చప్పగుందో ఉప్పగుందో కూడా తెలవదు!"

ఆయన పాపం ఓపికమంతుడు. తెలుగులో చీటీ రాసిచ్చినాడు, అత్త చేతికి కాదు, చదువొచ్చని నేను చెయ్యి చాపితే నాకిచ్చినాడు. నెల తప్పి రెండు వారాలు దాటినాక తేవాల, ముందే తెస్తే కప్ప కాదంటుంది, అది నమ్మబాకండి. పొద్దున లేచినాక మొదటిదే పట్టాల. సీసా శుభ్రంగా ఉండాల. పాడు కాకుండా ఆ పూటే తేవాల. ఇంతే. బస్సులో వచ్చేటప్పుడు ఆ చీటీ నాలుగుసార్లు పైకి చదివినా, పక్కనోళ్లు ఇనేట్టుగా. అత్త నా తొడ గిల్లింది.

రెండు వారాలు దాటంగానే సోమవారం పోదామనుకున్నాం. సీసా కడిగింది మంగ. దానికప్పుడు పదైదేళ్లు. నేను చీకటితోనే లేచి, పట్టి, మూత బిగించబోతా ఆగినా. పాడు కాకుండా అని గదా రాసినాడు. మైపాడు నుంచి నెల్లూరు ఎంత దూరం, బస్సు యాడ ఆగిపోతుందో ఏమో, పైన ఎండ. చేప పాడు కాకుండా మనమేం చేస్తాం? పుట్టినకాడి నుంచి నేను చూసింది అదొక్కటే. ఉప్పు కుండలో చెయ్యి పెట్టి పిడికెడు కల్లుప్పు తీసి వేసినా. వేసి, ఊపి, మళ్లా రొంత వేసినా. సొరచేపకైతే ఎక్కువ పట్టాల గదా అని నా లెక్క. ఎవరికీ చెప్పలా. నా తెలివికి నేనే మురిసిపోయినా.

నేను, అత్త, మంగ, ముగ్గురమూ పోయినాం. సీసా ఇచ్చి వరండాలో కూర్చున్నాం. అరగంట కాలా, కళ్లజోడాయన బయటికొచ్చినాడు. చేతిలో కప్ప. వెల్లకిలా, కాళ్లు బారచాపి, కడుపు పైకి పెట్టి.

"ఎవరిదమ్మా ఈ సీసా? మూడు వారాలు సాకినా దీన్ని! సూదేసినానో లేదో తన్నుకోని పోయింది!"

వరండాలో ఉండే ఆడోళ్లంతా లేచి చూస్తా ఉండారు. ఒకామె బిడ్డని ఎత్తుకోని నాకు దూరంగా జరిగింది. మా అత్తయితే గుండె బాదుకునింది. "కప్పే చచ్చిపోయిందే! ఇంక దీన్ని కట్టుకున్న నా కొడుకు గతేంది దేవుడా!"

ఆయన సీసా ఎత్తి చూపించినాడు. అడుగున కరగని కల్లుప్పు. "ఉప్పు! ఎవరు పోసినారు ఉప్పు?"

అప్పుడు నేను నిజం చెప్పుంటే అయిపోయేది. కానీ ఆలోచించు. ఆస్పత్రి అనింది నేను. చీటీ చదివింది నేను. నేనే చెడగొట్టినానంటే, అత్త ఆ సాయంత్రమే కషాయం కాచేది. నోరు దానంతట అదే తిరిగింది. "సీసా కడిగింది మంగ... ఉప్పునీళ్ల సీసా ఏమో" అన్నా. ఉప్పు పోసిందని అనలా చూడు. కడిగిందని అన్నా. అబద్దం గాదు గదా అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటా వచ్చినా.

మంగ వీపు మీద అత్త చెయ్యి పడింది. ఆ పిల్ల ఏడవలా. నా మొకం ఒకసారి చూసి, "సరిగ్గా కడగలేదేమో వదినా" అనింది. అంతే.

కళ్లజోడాయన కోపం దిగినాక, ఇంకో కప్ప గురువారానికి సిద్దంగా ఉంటుంది, ఈసారి సీసా వేడినీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టండి, అందులో దేవుడి తీర్థం కూడా కలపొద్దు అన్నాడు. గురువారం చెప్పకపోతే శుక్రవారం కషాయమే అని అత్త ఆడనే తేల్చేసింది.

గురువారం నన్ను కదలొద్దనింది, నా ఒళ్లు తగిలితే కప్ప చస్తుందని ఆమె భయం. ఎవరు పోవాల? మంగే. పోయి తీరతా అనింది. తప్పు నాది, నేనే సరిచేస్తా అనింది. వింటా ఉండావా? తప్పు తనదంట!

సీసాకి తడిగుడ్డ చుట్టి, తాటాకు బుట్టలో పెట్టుకోని పొద్దున బస్సెక్కింది. పక్కన దగ్గే ముసలాయన, "ఏందిమే అది, అంత భద్రంగా పట్టుకున్నావు?" అన్నాడంట. దీనికేం తోచక, తేనె అనింది. "తేనా! దేవుడే పంపినాడు, రొంత నా నాలిక్కి రాయి తల్లీ, రెండు నెలల దగ్గు" అని బస్సు దిగేదాకా వదల్లేదంట. మొక్కుబడి తేనె తాతా, ఎంగిలి చేస్తే నాలిక పడిపోద్ది అని చెప్పి తప్పించుకునింది. అది చెప్పినప్పుడల్లా మీ తాత నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వేవాడు.

నేను ఇంట్లో కూర్చోని చూస్తా ఉన్నా. అత్త పొయ్యి మీద కషాయం పెట్టేసింది, రేపటికి తగినట్టు మరగాల గదా అని. ఆ వాసన ఇల్లంతా. నా చెయ్యి పొట్ట మీద నుంచి తీయలా. మజ్జానం బస్సు వచ్చే పొద్దు దాటింది. ఇంక రాదనుకున్నా. అప్పుడు రేవు ఆ చివర నుంచి అరుపు. పిల్ల పరిగెత్తుకోని వస్తా ఉంది, బుట్ట ఊపుకుంటా, వలలు బాగుచేసుకునే మగోళ్ల మధ్యలో నుంచి, సిగ్గూ లేదు ఎగ్గూ లేదు.

"వదినా! కప్ప ఒప్పుకునిందీ! కప్ప ఒప్పుకునిందీ వదినా!"

మైపాడు మైపాడంతా ఇనింది. మా అత్త కుండ దించి, కషాయం తీసకపోయి మునగచెట్టు మొదట్లో పోసింది. వారం తిరక్కముందే ఆ చెట్టు ఆకంతా రాల్చింది. అది చూసి ఆమె రెండు రోజులు నా మొకం చూడలేకపోయింది. కప్ప ఒప్పుకున్న ఆ బిడ్డే మీ నాయన.

ఇంతవరకూ నవ్వులే. అయితే మంగకేమయిందో చెప్పాల. అంతకుముందు మా రేవులో దాని చెయ్యి మంచి చెయ్యని పేరు. అది ఉప్పు పట్టిస్తే చేప పురుగు పట్టదని, ప్రతి ఇంట్లో మొదటి చేపకి దాన్నే పిలిచేవాళ్లు. కప్ప చచ్చినాక పిలవడం మానేసినారు. మానేసి, కప్పల మంగ అని పేరు పెట్టినారు. పెళ్లై పోయినా పేరు వెంటబోయింది. నేను చూస్తా ఊరుకున్నా. ఈ పండక్కి చెప్దాం, ఈ కానుపు అయినాక చెప్దాం, అత్త పోయినాక చెప్దాం... అత్త పోయి నలభై ఏళ్లు.

మొన్న దాని మనవడి పెళ్లిలో ఎవరో పిలకాయ అడిగింది, నిన్ను కప్పల మంగని ఎందుకంటారు అవ్వా అని. అది పండ్లు లేని నోటితో నవ్వి, "మా వదిన సీసా సరిగ్గా కడగలా నేను. నా వల్ల మా అన్న కొడుకు పోవాల్సింది, దేవుడు కాపాడినాడు" అనింది. నా పక్కనే కూర్చోని, నా చెయ్యి పట్టుకోని అనింది.

సరే, నువ్వు ఏడవబాకు. నీది ఇంకా రెండు రోజులే. వచ్చే వారం తెల్లవారుజామున చూసుకో, రెండు గీతలొస్తే సంతోషం, రాకపోతే ఇంకో వారం ఆగి డాక్టరు కాడికి పో. నీ కడుపు పండాల, పండుతుంది, నా మాట పోదు. ఎవరైనా ఏదైనా కాచి పోస్తామంటే మాత్రం నాకు చెప్పు.

ఇప్పుడా ఫోనివ్వు. మంగకి చెయ్యాల. ఇప్పుడే, రేపంటే నాకు మళ్లా భయం పుడుతుంది. తిట్టనీ, ఫోను పెట్టేయనీ, చేస్తా. అదేంది, అందరికీ ఇనపడేటట్టు పెడతారే, ఆ స్పీకరు పెట్టమని వాళ్ల కోడలికి చెప్పు. అరుగు మీద నలుగురి మధ్యలో కూర్చోబెట్టి పెట్టమను. దాన్ని అన్నది రేవంతా, నేను చెప్పేది చెవిలోనా?