చెవిలో దాగేవి

హనుమకొండ చౌరస్తాలో సారంగపాణి సెల్‌ఫోన్ల దుకాణం. కౌంటర్ ముందు ఇయర్‌బడ్స్ చూస్తూ రాంప్రసాద్, పక్కన అతని భార్య యమున.

"ఇది కాదు సారంగపాణీ, కాడ బయటికి ఏలాడుతాంది. జర సన్నయి లేవా?"

"కాడ ఉంటెనే ఫోన్ల మాట మంచిగ పోతది, రాంప్రసాదన్నా."

"నేనేం మాట్లాడ. వినుడే. పక్కపొంటి నిలబడి చూసినా కనపడొద్దు."

"ఎక్కడ పెట్టుకుంటవన్నా? బండి మీదనా?"

"ఇంట్లనే."

"ఇంట్ల దాచిపెట్టుడెందుకు?"

"చెప్పుండ్రి. అడుగుతాండు గద."

"నువ్వూకో యమునా."

"మా అత్తమ్మకు తుంటి బొక్క ఇరిగింది తమ్మీ. మంచం దిగుతలేదు. పొద్దందాక ఈయననే పిలుస్తది. ఈయనకేమో క్రికెట్టు కావాలె."

"పొద్దందాక అంటె పొద్దందాకనే! నీళ్లంటది, పక్కకు తిప్పుమంటది, ఫ్యానంటది, మళ్ల నీళ్లంటది. నేను మనిషిని కాదా?"

"మరి పాతయి ఏమైనయన్నా? మా దగ్గరనే కొన్నవు గద."

"మంచిగనే ఉన్నయి. మొన్న ఘన్‌పూర్ నుంచి మా అక్క వచ్చి, నా చెవులల్ల చూసి, అమ్మకు ఇనపడకుంట బయటికి గుంజుకపోయి ఒకటే లొల్లి. అమ్మను పలకరియ్య వచ్చినోళ్లందరికీ వాకిట్లనే చెప్పింది."

"ఇంకేమున్నది, ఇజ్జత్ పోయింది. వచ్చినోళ్లకు కొడుకు మంచం పక్కన కూసున్నట్టె కనపడాలె తమ్మీ."

"కూసుంటలేనా? కిరాణం బందు పెట్టి కూసుంటలేనా?"

"కూసుంటాండ్రు. గ్లాసు అందిచ్చేది నేను."

"మొదలుపెట్టింది మళ్ల!"

"సరే సరే. ఇగో అన్నా, ఇది చూడు. ఒంటి రంగు. చెవి లోపటికే పోతది, బయటి సప్పుడు మొత్తం బందు. పెట్టుకో, పాట పెడుత."

"ఆఁ... కనపడుతాందా యమునా?"

"లేదు."

"ఏంది? చెయ్యి ఊపు. లేదా? మరి ఎడమ దిక్కు?"

"లేదు. తమ్మీ, ఈయనకు ఇప్పుడు ఇనపడుతలేదు గద?"

"ఏం ఇనపడదు వదినా, పాట మోగుతాంది."

"నిన్న అత్తమ్మ చెవుల కమ్మలు తీసి నా చేతుల పెట్టింది."

"ఎందుకు?"

"కొడుక్కు చెవుడొచ్చిందని ఏడ్సింది. పక్కన్నే కూసుండి కూడ పిలిస్తె పలుకుతలేడు, ఇవి అమ్మి వానికి చెవి మిషను కొనియ్యి బిడ్డా అన్నది. ఇంటి దీపానికి చెవులు పోయినయి, వాన్ని ఏమనకు, చిన్నవోతడు అన్నది. నిజం చెప్పనీకె నాకు నోరు రాలే."

"అన్నా! అన్నా, అవి తియ్యి జర. వదినె చెప్పేది ఇను."

"ఏందో నోరాడిస్తాన్నవు గని, ఒక్క ముక్క ఇనపడుతలేదు సారంగపాణీ. ఇవే మస్తున్నయి. కట్టియ్యి."